పొడుల డబ్బాలు కొట్టించిన షాపు: రేటు చెప్పే ముందు లెక్క చూపించాడు

అమ్మా చిన్నమ్మా కలిసి నువ్వుల పొడి, పల్లీ పొడి, కరివేపాకు కారం చేసి అమ్ముతారు. ఇన్నాళ్లూ ప్లాస్టిక్ పౌచ్ మీద స్టిక్కర్ అంటించి ఇచ్చేవాళ్లం. ఈసారి పేరు వేసిన అట్ట డబ్బా చేయిద్దామని నల్లగొండలో మూడు నాలుగు షాపులు తిరిగాను. ఎక్కడ అడిగినా "పీస్‌కు ఇంత" అనే మాటే. ఒక చోట 8 రూపాయలు అన్నారు, సరేనని కూర్చున్నాక డై (అట్టను డబ్బా ఆకారంలో కోసే అచ్చు) వేరే, అతికించే కూలి వేరే, డిజైన్ వేరే అని ఒక్కొక్కటే బయటికి తీశారు, మొత్తం ఎంతవుతుందో చివరిదాకా తేలలేదు. ఆ టెన్షన్ నాకొద్దనిపించి లేచి వచ్చేశాను.

గడియారం సెంటర్ దగ్గరి సందులో ఫ్లెక్సులు, పెండ్లి కార్డులు, బిల్లు బుక్కులు చేసే ఈ చిన్న షాపులో మాత్రం "అన్నా, పీస్ ఎంత పడుతుంది?" అంటే షాపాయన రేటు చెప్పలేదు. "పొడి ప్యాకెట్ తెచ్చినవా తమ్మీ?" అని అడిగాడు. మర్నాడు పావుకిలో పౌచ్ తీసుకెళ్లాను. తెల్ల అట్ట కత్తిరించి, మడిచి, టేపు వేసి, అక్కడికక్కడే ఉత్త డబ్బా చేసి అందులో పౌచ్ పెట్టాడు. పైన, పక్కన బాగా ఖాళీ ఉంది.

అప్పుడు 20×30 అంగుళాల షీటు బల్ల మీద పరిచి పెన్సిల్‌తో గళ్లు గీశాడు. నేను అడిగిన డబ్బా విప్పి పరిస్తే 11 అంగుళాలు, తొమ్మిదిన్నర అంగుళాలు వస్తుంది, అలా అయితే షీటుకు నాలుగే. వెడల్పు అర అంగుళం, మందం కాస్త తగ్గిస్తే 11 కాస్తా తొమ్మిదింబావు చిల్లర అయి షీటుకు ఆరు పడతాయి. వెయ్యి డబ్బాలకు 250 షీట్లు కావాల్సిన చోట 167 చాలు. ఆ కొలతతో ఇంకో డబ్బా చేసి చూశాం, పౌచ్ సరిగ్గా పట్టింది. కాగితం, లామినేషన్ (అట్ట పైన అంటించే పల్చటి ప్లాస్టిక్ పొర) కలిపి వెయ్యి రూపాయలకు పైనే అక్కడ మిగిలింది. అదీ నేను అడక్కుండానే!

తర్వాత పాత బిల్లు వెనక వరసగా రాశాడు. 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) అట్ట, వేస్టేజ్‌తో కలిపి 210 షీట్లు, 2,000. నాలుగు రంగులకు నాలుగు ప్లేట్లు (ప్రింటింగ్‌కు వాడే రేకులు) 1,400. ప్రింటింగ్ 1,800, లామినేషన్ 840, డై 1,800, పంచింగ్ (డైతో కోసే పని) 600, అతికించే కూలి డబ్బాకు 80 పైసల చొప్పున 800, రవాణా 400, డిజైన్ 800. మల్టీకలర్ మెషీన్ తన దగ్గర లేదని, హైదరాబాద్‌లో కొట్టించి తెస్తానని కూడా దాచకుండా చెప్పాడు. మొత్తం 10,440, దాని మీద తనకు 15 శాతం. 12,006 వస్తే పైన ఆరు కొట్టేశాడు. జీఎస్టీ బిల్లులో వేరే. తనకు మిగిలేది ఎంతో కస్టమర్ ముందు రాసి చూపించిన వాళ్లను నేను ఇంతవరకు చూడలేదు.

ముందు 500 చేయిద్దాం, సగం డబ్బుల్లో అయిపోతుంది కదా అన్నాను. దానికీ లెక్క వేసి చూపించాడు. ప్లేట్లు, డై, డిజైన్, మెషీన్ సెట్టింగ్ 500కైనా వెయ్యికైనా ఒకటే, రంగు కుదిరేదాకా పోయే నలభై షీట్లు కూడా ఎలాగూ పోతాయి, తగ్గేది అట్ట, లామినేషన్, అతికించే కూలి మాత్రమే. 500కు 10,200 అయింది. అంటే డబ్బా 20 రూపాయల పైన, వెయ్యికి వెళ్తే 12. పల్లీ పొడి ప్యాకెట్ మీద మాకు మిగిలేదే కొంచెం కాబట్టి ఆ 8 రూపాయల తేడా మాకు చాలా పెద్దది. వెయ్యి చెప్పేశాను.

లోపాలూ ఉన్నాయి. వారం అన్నవాడు పదకొండో రోజు ఇచ్చాడు, మధ్యలో ఫోన్ చేస్తే సగం సార్లు ఎత్తడు. ముఖ్యంగా జిగురు రాసే పట్టీ మీద లామినేషన్ వేయకుండా వదిలేయాలి, లేదంటే అతుకు నిలవదు, అది చూసుకోలేదు. దాంతో ముప్పై దాకా డబ్బాల అతుకు ఊడిపోయింది. తీసుకెళ్లి చూపిస్తే వాదించలేదు, గరుకు కాగితంతో రుద్ది వేరే జిగురుతో అతికించి ఇచ్చాడు, పైసా అడగలేదు. కానీ చిన్నమ్మ మిగతా డబ్బాలన్నీ ఒక్కొక్కటే నొక్కి చూసుకోవాల్సి వచ్చింది, రెండు సాయంత్రాలు దానికే పోయాయి. మీరు చేయిస్తే ఆ పట్టీ గురించి డిజైన్ అప్పుడే గట్టిగా చెప్పండి.

డై మాదే అని, మా పేరు మార్కర్‌తో రాసి మా చేతికే ఇచ్చాడు. రెండో సారి డై, డిజైన్ ఖర్చు ఉండదు కాబట్టి ఇవే రేట్లు ఉంటే డబ్బా 9 రూపాయల్లో అవుతుందని అదే కాగితం కింద రాశాడు. వెళ్లేవాళ్లు పొద్దున పదకొండు లోపు వెళ్లండి, ఆ తర్వాత ఫ్లెక్సుల వాళ్లతో నిండిపోతుంది, కూర్చుని లెక్క చెప్పే తీరిక ఆయనకు ఉండదు. మీ వస్తువు మాత్రం వెంట తీసుకెళ్లండి.