సెన్సేట్ ఫోకస్: మూడేళ్ళకు పైగా పాటించాక నా సమీక్ష

పెళ్ళికి ముందు, ఉద్యోగంలో చేరిన కొత్తలో నాపై లైంగిక దాడి జరిగింది. ఆ వివరాల్లోకి నేను వెళ్ళను. దాని నీడ మా దాంపత్యం మీద పడ్డాక, మళ్ళీ దగ్గరవడానికి మేమిద్దరం నిపుణురాలి పర్యవేక్షణలో పాటించిన ‘సెన్సేట్ ఫోకస్’ అనే స్పర్శ సాధన ఎంతవరకు పనికొచ్చింది, ఎక్కడ చాలలేదు అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

ఈ పద్ధతిని అమెరికాకు చెందిన విలియం మాస్టర్స్, వర్జీనియా జాన్సన్ 1970లో వెలువరించిన గ్రంథంతో ప్రచారంలోకి తెచ్చారు. కొంతకాలం సంభోగం పూర్తిగా నిషేధం. వారంలో అనుకున్న రోజుల్లో భార్యాభర్తలు ఒకరి తరువాత ఒకరు తాకాలి. మొదటి దశలో రొమ్ముల, జననాంగాల జోలికి పోకూడదు. తాకేవారు ఎదుటివారిని మెప్పించాలని చూడకుండా, తమ అరచేతికి తెలుస్తున్న వెచ్చదనం, నునుపు, ఒత్తిడి మీదే మనసు నిలపాలి. చదివినప్పుడు ఇంతేనా అనిపించింది.

నన్నడిగితే ఇందులో అసలు మందు ఆ నిషేధమే. అంతకుముందు మా వారు వంటింట్లో భుజం మీద చెయ్యి వేసినా అది ఎక్కడికి దారితీస్తుందోనని లెక్కలు వేసుకునేదాన్ని. రాత్రిళ్ళు ఆయన గదిలోకి వచ్చేలోపే నిద్ర నటించేదాన్ని. వద్దన్నది డాక్టరమ్మ అయ్యేసరికి, కాదన్నాననే బరువు నాకు లేకపోయింది, కాదనిపించుకున్నాననే చిన్నతనం ఆయనకు లేకపోయింది. చాలా కాలం తరువాత సోఫాలో పక్కపక్కన కూర్చుని టీవీ చూడగలిగాం.

అయితే కాగితం మీద ఉన్నది ఉన్నట్టుగా చేస్తే నాలాంటి వారికి మేలు కన్నా కీడే ఎక్కువ. కళ్ళు మూసుకుని కదలకుండా పడుకుని మరొకరి చేతికి ఒళ్ళు అప్పగించడం నా శరీరానికి విశ్రాంతి కాదు, పాత భయాన్ని తట్టి లేపడం. మా నిపుణురాలు దాన్ని మార్చారు: దీపం వెలుగుతూ ఉండాలి, కూర్చునే చెయ్యాలి, ఆయన చేతి మీద నా చెయ్యి ఉంచి అది ఎటు వెళ్ళాలో నేనే నడిపించాలి. ఆపాలనిపిస్తే పరుపు మీద రెండుసార్లు తడతాను. ఆయన వెంటనే చెయ్యి తీసేయాలి, కారణం అడగకూడదు. మొదటి వారాలన్నీ మణికట్టు నుంచి మోచేతి దాకానే సాగాయి. ఒక ఆదివారం మోచెయ్యి దాటబోతుండగా నా వేళ్ళు చల్లబడి, ఫ్యాను చప్పుడు తప్ప మరేదీ వినిపించని స్థితి వచ్చింది. పరుపు తట్టాను. ఆయన ‘ఏమైంది?’ అనలేదు, మంచినీళ్ళ గ్లాసు నా ముందు పెట్టి, కాస్త ఎడంగా కూర్చున్నారు. అడగకుండా ఉండటం ఆయనకెంత కష్టమో ఆ ముఖమే చెప్పింది. నేను ఆపితే ఆగుతుందని నా ఒంటికి నమ్మకం కుదరడం అక్కడి నుంచే మొదలైంది.

వరుసక్రమం కూడా ముఖ్యం. మేము మొదట వెళ్ళిన చోట గతం గురించి ఒక్క ప్రశ్నయినా వేయకుండా ఈ అభ్యాసాల కాగితం చేతిలో పెట్టి పంపేశారు. తరువాత కలిసిన క్లినికల్ సైకాలజిస్టు దాన్ని పక్కన పెట్టించి, ముందు నాకు విడిగా ఈఎండీఆర్ (కళ్ళను అటూ ఇటూ కదిలిస్తూ చేదు జ్ఞాపకాల తీవ్రతను తగ్గించే పద్ధతి) చికిత్స చేశారు; ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో, ఘోర అనుభవాల తరువాత వెంటాడే మానసిక సమస్య అయిన పీటీఎస్‌డీకి సూచించిన చికిత్సల్లో ఇదొకటి. పీడకలలు తగ్గుముఖం పట్టాకే జంట చికిత్స మొదలైంది. కలయికలో నొప్పి ఉంటే గైనకాలజిస్టును కలవాలి, ఎందుకంటే భయంతో కటి కండరాలు బిగుసుకుపోవడం సాధారణమే, దానికి ఫిజియోథెరపీ ఉంది. కుంగుబాటుకు వాడే ఎస్ఎస్ఆర్ఐ మందులు కోరికను తగ్గించవచ్చు. ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి గాని మందు సొంతంగా మానేయకూడదు.

లోపాల్లో మొదటిది, ఈ పద్ధతి తలుపు గడియ పెట్టుకోగల ఇంటిని ఊహించుకుని రాసినది. మా అత్తగారు సత్సంగానికి వెళ్ళే వేళ చూసుకుని చేయాల్సి వచ్చేది. పట్టపగలు గది తలుపు మూస్తే సమాధానం చెప్పుకోవలసిన ఇళ్ళు మనవి. రెండోది, క్యాలెండరులో గుర్తు పెట్టుకున్న ముచ్చటలో ముచ్చట తక్కువ; కొన్ని నెలలు అది హోంవర్కులాగే సాగింది. మూడోది, భాగస్వామి మనసుకు ఇందులో చోటు తక్కువ. తన చెయ్యి తగిలితే భార్య ఉలిక్కిపడటం చూసి లోలోపల నలిగిపోయిన మా వారికి విడిగా కౌన్సెలింగ్ అవసరమైంది, అది ఇంకా ముందే మొదలుపెడితే బాగుండేదని ఆయన అభిప్రాయం.

నిషేధం ఎత్తేసి చాలా కాలమైంది. ఇప్పుడు మా మధ్య కలయిక ఉంది, నవ్వులూ ఉన్నాయి. అయినా ఫలానా షేవింగ్ లోషను వాసన తగిలితే నాకు ఊపిరి బిగుస్తుంది, కనుక అది మా ఇంట్లోకి రాదు. ఒత్తిడి ఎక్కువైన వారాల్లో మళ్ళీ మొదటి దశకు వెళ్తాం.

గాయానికి విడిగా చికిత్స తీసుకున్నవారికి, తొందరలేని జంటలకు, పర్యవేక్షించే నిపుణులు అందుబాటులో ఉంటే, ఈ పద్ధతి వైపు నేను ధైర్యంగా మొగ్గు చూపుతాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. కానీ ఆ నిషేధాన్ని ఒక్క రాత్రికైనా బేరమాడే భర్త ఉన్న ఇంట్లో దీన్ని మొదలుపెట్టవద్దు. అక్కడ బలవంతం కూడా ఉంటే మహిళల హెల్ప్‌లైన్ 181.