"అప్పట్లో అలాగే కొట్టేవారండీ" అంటే నమ్మి కొనకండి: మధ్యయుగ నాణేలు కొనేవారికి హెచ్చరిక

మధ్యయుగ నాణేలు సేకరించేవాళ్లు, కొత్తగా మొదలుపెడదామనుకునేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. ఆన్‌లైన్‌లో ఒక సెల్లర్ దగ్గర మూడు నాణేలు కలిపి కొన్నాను. ఒకటి పోత పోసిన నకిలీ. ఇంకొకటి అసలు నాణెమే, కానీ దాని మీది అక్షరాలు ఈ మధ్య ఎవరో చెక్కినవి. మూడోదొక్కటే చెప్పినట్టుగా ఉంది. సెల్లర్ పేరు ఇక్కడ రాయడం లేదు. అమ్మిన పద్ధతి తెలిస్తే ఎవరి దగ్గరైనా మీరే పట్టుకోగలరు.

కొనేముందు నేను అడగాల్సినవి అడిగాను. ముఖం ఎందుకు కరిగినట్టుంది? అంచు ఎందుకంత మొద్దుగా ఉంది? ఈ రకంలో మామూలుగా తెగిపోయే అక్షరాలు ఇందులో ఎలా నిలిచాయి? అన్నిటికీ ఒకటే జవాబు వచ్చింది: "అప్పట్లో అలాగే కొట్టేవారండీ, ఒక్కోటి ఒక్కోలా వస్తుంది." ఈ మాటలో చాలా నిజం ఉంది. అందుకే దాని చాటున ఏ లోపాన్నైనా దాచేయొచ్చు.

నిజం ఎంతవరకో ముందు చెబుతాను. కింది అచ్చును దిమ్మెలో బిగించి, దాని మీద లోహపు బిళ్ళ పెట్టి, పై అచ్చును చేత్తో పట్టుకుని సుత్తితో కొట్టేవారు. చెయ్యి కాస్త జరిగితే బొమ్మ పక్కకు పోతుంది. బిళ్ళ ఒకచోట పలచగా ఉంటే అక్కడ ముద్ర పడదు. దెబ్బకు అంచు చీలుతుంది. రెండో దెబ్బ వేస్తే బొమ్మ జంటగా కనబడుతుంది. ఇంగ్లండ్‌లో రెండో హెన్రీ కాలంలో, 1158 నుంచి 1180 వరకు కొట్టిన వెండి పెన్నీలు దీనికి మంచి ఉదాహరణ. 1807లో టీల్బీ అనే ఊళ్లో పెద్ద నిధిగా దొరికాయి కాబట్టి వాటిని టీల్బీ పెన్నీలంటారు. వెండి మంచిది, తూకం సరైనదే, కొట్టడం మాత్రం ఘోరం. సగం ముఖం పడని టీల్బీ పెన్నీ చెడిపోయిన నాణెం కాదు, అది పుట్టడమే అలా పుట్టింది. టంకశాల పేరు, కొట్టించినవాడి పేరు పూర్తిగా చదవగలిగేలా ఉంటే దాని విలువ బాగా పెరుగుతుంది.

ఇవి పుట్టుకతో వచ్చిన లోపాలు. అరగడం, అంచు కత్తిరించడం, కొక్కెం అతికించి మెడలో వేసుకోవడం, మట్టిలో పడి తుప్పు తినేయడం, ఈ కాలంలో యాసిడ్‌తో కడగడం, ఉలితో చెక్కడం మాత్రం తర్వాత తగిలిన దెబ్బలు. ధర దగ్గర ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. నాకు అమ్మినవాడు రెండో రకాన్ని మొదటి రకంగా చూపించాడు.

అరుగుదలనీ, సరిగా పడని ముద్రనీ విడదీయడం నేర్చుకోవాలి, అది అంత కష్టమేమీ కాదు. అరుగుదల ఎత్తయిన చోట్ల మొదలవుతుంది: బుగ్గ, జుట్టు, గుర్రం తొడ. అక్కడ లోహం నున్నగా, మెత్తగా ఉంటుంది. ముద్ర పడని చోట మాత్రం బిళ్ళ అసలు గరుకుదనం తరచూ అలాగే మిగిలి ఉంటుంది, పక్కనే ఉన్న అక్షరం పదునుగా కనిపిస్తుంది. ఇంకో ఆనవాలు కూడా ఉంది. బిళ్ళ పలచగా ఉండి ముద్ర పడకపోతే, బొమ్మ వైపు చదునుగా ఉన్న చోటికి సరిగ్గా వెనక, బొరుసు వైపు కూడా చదునుగానే ఉంటుంది. ఫోటోలో రెండు వైపులూ పక్కపక్కన పెట్టి చూడండి.

పక్కకు పోయిన ముద్రకూ, కత్తిరించిన నాణేనికీ తేడా కూడా ఇలాగే తెలుస్తుంది. పక్కకు పోయినదైతే ఒకవైపు అక్షరాలు పోయినా ఎదురువైపు ఖాళీ లోహం మిగులుతుంది. కత్తిరించినదానికి ఆ ఖాళీ ఉండదు, తూకమూ తగ్గుతుంది. వెండి కోసం అంచులు కత్తిరించుకోవడం అప్పట్లో పెద్ద బెడద. 1247లో ఇంగ్లండ్ పెన్నీ మీది సిలువను అంచుదాకా పొడిగించారు, కత్తిరిస్తే తెలిసిపోవాలని. కాబట్టి తూకం చెప్పని ప్రకటన చూసి కొనకండి. నా సెల్లర్ చెప్పలేదు. నేనూ పట్టుబట్టలేదు, అక్కడే తప్పు చేశాను.

ఇప్పుడు నకిలీ సంగతి. అది గధైయా నాణెమని అమ్మాడు. ఇరాన్‌ను ఏలిన సాసానియన్ రాజు పేరోజ్ వెండి నాణేన్ని హూణుల కాలం నుంచి అనుకరిస్తూ, తరతరాలుగా నకలుకు నకలు తీస్తూ పోతే వచ్చినవి గధైయాలు. చివరికి రాజు ముఖం నాలుగు గీతలూ చుక్కలూ అయిపోయింది, వెనకవైపున్న అగ్నివేదిక బొమ్మ నిలువు గీతల దొంతర అయిపోయింది. అచ్చే అలా చెక్కారు కాబట్టి ముఖం కనబడకపోవడం అరుగుదల కాదు. నకిలీలు చేసేవాళ్లకు ఇంతకన్నా అనువైన నాణెం ఉండదు. బొమ్మే అస్పష్టం కాబట్టి పోతలో వివరాలు పోయినా ఎవరికీ అనుమానం రాదు. కానీ అసలు గధైయాలో ఆ గీతల, చుక్కల అంచులు పదునుగా ఉంటాయి. నాదాంట్లో అన్నీ సబ్బు కరిగినట్టు గుండ్రంగా ఉన్నాయి. భూతద్దంలో చూస్తే గీతల మధ్య సూది మొనంత గుంటలు. అవి పోతలో చిక్కిన గాలి బుడగలు.

తూచాను. గధైయాలు ఎక్కువగా 4 గ్రాముల దగ్గర ఉంటాయి. ఇది 3.42 వచ్చింది. అప్పటికీ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తర్వాత నీళ్ల పరీక్ష చేశాను. చిన్న త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి, సున్నా చేసి, నాణేన్ని సన్నని దారంతో అడుగుకు తగలకుండా ముంచాలి. త్రాసు చూపే అంకెతో నాణెం బరువును భాగిస్తే సాంద్రత వస్తుంది. వెండికి 10.5, రాగికి దాదాపు 8.9, తగరానికి 7.3. వెండి, రాగి కలిసిన నాణెమైతే ఆ రెండింటి మధ్యలో రావాలి. మట్టిలో ఉండి లోపల గుల్లబారిన నాణేనికి కొంత తగ్గొచ్చు. నాకు త్రాసు 0.45 గ్రాములు చూపింది, అంటే సాంద్రత 7.6. చిన్న నాణేనికి కొలతలో పొరపాటు ఎక్కువని నాలుగుసార్లు చేశాను. నాలుగుసార్లూ 8 దాటలేదు.

అసలు రుజువు మూడు వారాల తర్వాత దొరికింది. ఇంకో చోట అమ్మకానికి పెట్టిన ఫోటోలో నా నాణెం కనబడింది. నాది నా చేతిలోనే ఉంది! అదే పక్కకు జరిగిన ముద్ర, అంచున అదే చీలిక, చుక్కల వరుస కింద అదే గాటు. ఒకే అచ్చుతో వందల నాణేలు కొట్టి ఉండొచ్చు. కానీ చేత్తో కొట్టిన రెండు నాణేలకు ముద్ర ఒకేలా జరిగి, అంచు ఒకేచోట చీలి, వందల ఏళ్లలో ఒకేచోట గాటు పడడం జరిగే పని కాదు. ఆ రెండూ ఒకే మూసలోంచి వచ్చినవే. "ఒక్కోటి ఒక్కోలా వస్తుంది" అని అతనన్న మాటే అతని నాణేన్ని పట్టించింది.

రెండోది నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టింది, ఎందుకంటే అది అసలుది. ముహమ్మద్ ఘోరీ పేరుతో కొట్టిన జితల్. ఒకవైపు ఎద్దు, ఇంకోవైపు గుర్రపు రౌతు, నాగరి అక్షరాల్లో "శ్రీ హమీర". వెండి, రాగి కలిపిన చిన్న నాణెం. కాబూల్, ఓహింద్ ప్రాంతాన్నేలిన హిందూ షాహీల నాణేల నుంచి వచ్చిన ఈ నమూనాను తర్వాతి పాలకులూ కొనసాగించారు. జితళ్లలో చాలావాటికి అచ్చు కన్నా బిళ్ళ చిన్నది, అందుకే అక్షరాలు తెగిపోతాయి. పూర్తిగా కనబడితే ఎక్కువ ధర పలుకుతుంది. సరిగ్గా ఆ ధర కోసమే ఎవరో అరిగిన అక్షరాల చుట్టూ లోహం గీకి వాటిని పైకి తేల్చారు. కొట్టిన అక్షరం చుట్టుపక్కల లోహంలోంచి సహజంగా ఉబికి వచ్చినట్టుంటుంది. ఇక్కడ ప్రతి అక్షరం చుట్టూ సన్నని కాలువ ఉంది, అందులో సమాంతరంగా గీతలు, మిగతా చోట్ల ఉన్న పాత రంగు అక్కడ లేదు. ఎనిమిది వందల ఏళ్లు దాటిన వస్తువు, అరిగిపోయి నిజాయితీగా ఉన్నదాన్ని పాడుచేశారు. దీన్ని బాగుచేసే దారి లేదు.

"వెరీ ఫైన్", "ఎక్స్‌ట్రీమ్‌లీ ఫైన్" అనే గ్రేడ్‌లను కూడా జాగ్రత్తగా చదవండి. అవి ముఖ్యంగా అరుగుదలను చెబుతాయి. గ్రేడ్‌ను అంకెలో చెప్పే, 1 నుంచి 70 దాకా ఉండే షెల్డన్ కొలమానం 1949లో అమెరికా పాత రాగి సెంట్ల కోసం వచ్చింది. సుత్తితో కొట్టిన నాణేనికి ఒక్క అంకె సరిపోదు. అరుగుదల, ముద్ర ఎంత పడింది, ఎంత మధ్యలో ఉంది, ఉపరితలం ఎలా ఉంది అని నాలుగూ విడివిడిగా అడగండి. నా జితల్‌ను "ఎక్స్‌ట్రీమ్‌లీ ఫైన్" అన్నాడు. చెక్కిన నాణేనికి ఆ మాట వాడడం మోసం.

వయసు చూసి కూడా ధర కట్టొద్దు. మూడో నాణెం రాజరాజ చోళుడి రాగి నాణెం. వెయ్యేళ్ల నాటిది, అయినా అవి లెక్కలేనన్ని దొరికాయి కాబట్టి మామూలువి చవకే. ఇది అసలుది కాబట్టి సంతోషమే గానీ, "వెయ్యేళ్లు" అన్న మాటకు నా దగ్గర అదనంగా తీసుకున్నాడు. ఇంటికొచ్చాక ఒక మూల లేత ఆకుపచ్చ పొడి రాలుతోంది. గట్టిగా అతుక్కున్న పాత కిలుముకు భయం లేదు. పొడిలా రాలేది మాత్రం లోహాన్ని తినే జబ్బు, తేమ తగిలితే పెరుగుతుంది. మిగతా నాణేల నుంచి వేరుచేసి పొడి చోట ఉంచాను.

డబ్బు వెనక్కి అడిగితే, ఇలా మొరటుగా కొట్టిన నాణేలకు రిటర్న్ లేదని ప్రకటనలో రాశానన్నాడు. నిజమే, చివర్లో చిన్న అక్షరాల్లో ఉంది. తూకం, అంచు ఫోటో, పక్క నుంచి వెలుతురు పడేలా తీసిన ఫోటో, నకిలీ అయితే డబ్బు తిరిగిస్తానని రాతపూర్వక హామీ, ఈ నాలుగూ ఇవ్వనివాడి దగ్గర ఇక నేను కొనను.

ఆ మూసలోంచి వచ్చిన గధైయాలు ఇంకా తిరుగుతూ ఉండవచ్చు, గుర్తులు రాసుకోండి. ముఖం కుడివైపుకు జరిగి ముక్కు సగం పోయి ఉంటుంది. గడియారంలో నాలుగు ఉండే చోట అంచున చిన్న చీలిక. బొరుసు వైపు చుక్కల వరుస కింద అడ్డంగా ఒక గాటు. తూకం 3.4 గ్రాముల దగ్గర. ఈ గుర్తులున్న నాణెం ఎక్కడైనా కనబడితే కొనకండి, కొనబోతున్నవాళ్లకు చెప్పండి.