పోకెమాన్ గో: నేను ఇంకా ఆడుతున్నది జిమ్ కోసం

పోకెమాన్ గో అంటే ఊళ్ళో తిరుగుతూ ఫోన్లో పోకెమాన్ అనే బొమ్మ జీవాలను పట్టుకునే ఆట. అందులో జిమ్ అంటే కసరత్తు చేసే చోటు కాదు, ఊళ్ళో ఏదో ఒక నిజమైన చోట ఉండే ఆట స్థావరం. నీలం, పసుపు, ఎరుపు టీమ్‌లలో ఎవరు తమ పోకెమాన్‌ను కాపలా పెడితే అది వాళ్ళ రంగులోకి మారుతుంది. 2017లో ఈ జిమ్‌ల పద్ధతిని మార్చినవాళ్ళకు నేను ఎంతో రుణపడి ఉన్నాను. ఈ ఆటను ఏళ్ళ తరబడి వదలకుండా ఆడుతున్నానంటే కారణం అదొక్కటే. బంతి విసిరి పట్టుకోవడం, గుడ్లు పొదిగించడం, ఈవెంట్లు, వీటి గురించి రాయను. ఆడేవాళ్ళకు తెలుసు, ఆడనివాళ్ళకు అక్కర్లేదు.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో ఉన్నా కిరాణా కొట్లో తెలుగు, ఒడియా రెండూ వినిపించే ఊరు. సరిహద్దు దాటితే పాతపట్నం. నేను స్కూల్లో లెక్కలు చెప్తాను, వయసు నలభై దాటింది. ఈ ఆట ఇంట్లో తలుపేసుకుని ఆడేది కాదు. కోట దగ్గరో, స్టేషన్ రోడ్డులోనో ఫోన్ పట్టుకుని నిలబడాలి. నిలబడితే పిల్లల తల్లిదండ్రులు చూస్తారు. “ఏటి మేడమ్, ఈ గుంటల ఆట మీకేటి?” అని మొహం మీదే అడిగినవాళ్ళున్నారు. నాకు ఇష్టం కాబట్టి ఆడుతున్నాను అని చెప్తాను. స్టాఫ్ రూంలో ఐపీఎల్ గురించి గంటసేపు మాట్లాడుకుంటే అది పెద్దవాళ్ళ వ్యవహారం, రంగురంగుల బొమ్మలు కనిపిస్తే మాత్రం చిన్నపిల్లల చేష్ట అంటే నేను ఒప్పుకోను. రెండూ ఆటలే.

ఇక జిమ్ సంగతి. మనం పెట్టిన పోకెమాన్ పది నిమిషాలకు ఒక కాసు చొప్పున సంపాదిస్తుంది. కాసు అంటే ఆటలో చెల్లే నాణెం. ఎంతసేపు కూర్చున్నా రోజుకు 50కి మించి రావు, అంటే ఎనిమిది గంటల ఇరవై నిమిషాల కాపలాకు పూర్తి జీతం. అసలు కిటుకు ఏమిటంటే, ఆ కాసులు మన చేతికి రావాలంటే ఎదుటి టీమ్ వాళ్ళు మన పోకెమాన్‌ను ఓడించి ఇంటికి పంపాలి. గెలిచి అక్కడే కూర్చుంటే పైసా రాదు. నగరాల్లో దీన్ని ఎవరూ పట్టించుకోరు, పొద్దున పెట్టింది సాయంత్రానికల్లా ఎవరో ఒకరు దించేస్తారు. మా ఊళ్ళో బ్లిస్సీ అనే నా పోకెమాన్ కోట జిమ్‌లో వారాల తరబడి కూర్చునేది. అంతకాలం కూర్చుని తిరిగొచ్చిన రోజున కూడా అవే 50 కాసులు. నాకు అప్పుడు కావలసింది గెలుపు కాదు, నన్ను ఓడించే మనిషి.

ఆ మనిషి ఉన్నట్టుండి వచ్చాడు. ఒక సాయంత్రం చూస్తే జిమ్ పసుపు రంగులో ఉంది. నాది నీలం టీమ్. లోపల స్నార్లాక్స్ అనే పోకెమాన్ ఒకే ఒక్కటి, దాని కింద నేనెప్పుడూ చూడని పేరు. మర్నాడు నేను దించాను, సాయంత్రానికి మళ్ళీ పసుపు. కొన్ని నెలలు ఇదే వరస. ఊళ్ళో ఎవరో ఒకరు రోజూ నా వెనకే అదే చోట నిలబడుతున్నారు, ఎవరో తెలియదు. కాలేజీ కుర్రాడై ఉంటాడని అనుకున్నాను. రోడ్డు మీద ఫోన్ చూసుకుంటూ వెళ్ళే ప్రతి కుర్రాడినీ పరీక్షగా చూసేదాన్ని.

ఒక ఆదివారం పొద్దున కోట దగ్గర ఆడుతుంటే మా స్టూడెంట్ వాళ్ళ నాన్న బండి ఆపి, “ఆన్‌లైన్ మీటింగా మేడమ్?” అన్నారు. మనకు ఇబ్బంది లేకుండా సాకు కూడా ఆయనే అందించారు. “కాదండీ, పోకెమాన్ ఆడుతున్నాను. పసుపు టీమ్ వాళ్ళెవరో ఇక్కడ పాగా వేశారు, దించుతున్నాను” అని కాస్త గట్టిగానే చెప్పాను. ఆయన నవ్వి వెళ్ళిపోయారు. పక్క టీ కొట్టు దగ్గర ఉన్నవాళ్ళు కూడా విన్నారు.

మర్నాడు సాయంత్రం అక్కడే ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చి ఫోన్ చూపించారు. తెర మీద అదే పేరు, అదే స్నార్లాక్స్. “ఆ పసుపు టీమ్ నేనేనమ్మా. నిన్న మీరు చెప్తుంటే విన్నాను” అన్నారు. రైల్వేలో పనిచేసి రిటైరయ్యారట. నౌపడా నుంచి గుణుపూర్‌కి చిన్న రైలు తిరిగిన రోజుల్లో ఉద్యోగంలో చేరారు. ఆ నేరోగేజ్ 2004లో ఆగిపోయి, 2011లో పెద్ద లైను మీద రైళ్ళు మళ్ళీ మొదలయ్యేదాకా జరిగినదంతా కళ్ళారా చూసిన మనిషి. వేసవి సెలవులకు వచ్చిన మనవడు ఫోన్లో ఆట పెట్టి నేర్పించాడు. సెలవులైపోయి మనవడు విశాఖ వెళ్ళిపోయినా ఆయన ఆపలేదు, కానీ ఇంట్లో చెప్పలేదు. వాకింగ్ అని బయల్దేరి, తెలిసినవాళ్ళు ఎదురైతే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడుతున్నట్టు నడిచేవారట. “మీరు అంత ధైర్యంగా చెప్పారు కదా, నేనెందుకు దాచుకోవాలి అనిపించిందమ్మా” అన్నారు. ఆ మాటకు నాకు కళ్ళు చెమర్చాయి.

అప్పటి నుంచి మాకు ఒక ఒప్పందం. పొద్దున ఏడింటికి నేను ఆయనను దించి నా పోకెమాన్ పెడతాను. సాయంత్రం నాలుగున్నరకు ఆయన నన్ను దించుతారు. ఇద్దరికీ రోజుకు పూర్తిగా 50 కాసులు. రెండు రోజుల కాసులకు ఒక ప్రీమియం బ్యాటిల్ పాస్ వస్తుంది, చేతి నుంచి రూపాయి పెట్టనక్కర్లేదు. నలుగురూ కలిసి ఒక బలమైన పోకెమాన్‌తో పోరాడే రైడ్‌లో చేరడానికి అది టికెట్. మమ్మల్ని చూసి ప్లస్ టూ చదివే కుర్రాళ్ళు ఇద్దరు, ఒక మందుల షాపు అబ్బాయి కూడా చేరారు. వీళ్ళంతా ముందు నుంచీ ఆడుతున్నవాళ్ళే, ఒకరికొకరు తెలియదంతే. మా స్కూలు పిల్లలను మాత్రం నేను ఆడమని ఎప్పుడూ అనను. ఒక తల్లి అడిగినప్పుడు ఆమెకూ ఇదే చెప్పాను.

ఇంత మెచ్చుకున్నాను కదా, కొన్ని సంగతులు కూడా చెప్పాలి. పెద్దాయన కొడుకు దగ్గరికి విశాఖ వెళ్ళినప్పుడల్లా ఈ ఏర్పాటంతా ఆగిపోతుంది. మిగతా ముగ్గురిలో ఇద్దరిది నా టీమే, మూడో అబ్బాయికి పొద్దున కాలేజీ. నా బ్లిస్సీ మళ్ళీ కదలకుండా కూర్చుంటుంది, దాని బలం తగ్గకుండా ఆటలో ఇచ్చే పళ్ళు తినిపించడం నేను మానేసి ఎవరైనా దించుతారేమోనని చూస్తాను. నడక అలవాటవుతుందన్న మాట నిజమే, కానీ ఆటలో అందరూ బయటికొచ్చి ఆడే ప్రత్యేక రోజు, కమ్యూనిటీ డే, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు. మే నెల ఎండలో మా ఊళ్ళో ఆ వేళకు బయట తిరగమని నేనెవరికీ చెప్పను. ఇంట్లో కూర్చుని దూరపు రైడ్‌లో చేరదామంటే ఆ పాస్ ధర 2023 ఏప్రిల్‌లో 100 కాసుల నుంచి 195కి పెరిగింది. నాలుగు రోజుల కాపలా కూలి ఒక్క రైడ్‌కి సరి. అదే ఏడాది పోకెమాన్ పేర్లు హిందీలో వచ్చాయి, తెలుగులో ఎప్పుడొస్తాయా అని చూస్తున్నాను. 2025లో ఆట దాన్ని తయారుచేసిన నయాంటిక్ నుంచి స్కోప్లీ అనే కంపెనీ చేతికి వెళ్ళింది. జిమ్‌ల జోలికి రాకపోతే చాలు.

మీరు ఆడాలా వద్దా అంటే, అది మీ ఇల్లు ఎక్కడుందో చూసి చెప్పాల్సిన మాట. మా ఇంటి నుంచి కోట నడిచి వెళ్ళేంత దూరం, స్కూలు దారిలోనే పడుతుంది, అందుకే నాకు కుదిరింది. కాశీనగర్, గుమ్మ వైపు పల్లెల్లో ఉండేవాళ్ళకు నాలాగా రోజూ ఒక జిమ్ అందుతుందని చెప్పలేను. ఉద్యోగం, ఇల్లు, పొద్దున వంట మధ్య ఒక అరగంట దొరికే మనిషికి, అదీ ఊళ్ళో ఇంకో టీమ్ మనిషి ఒక్కరైనా ఉంటే, నేను తప్పకుండా ఆడమంటాను. ఆ ఒక్కరు ఎవరో తెలియాలంటే మీరు ఆడుతున్నట్టు ముందు నలుగురికీ తెలియాలి.

పాతపట్నంలో ఎరుపు టీమ్ వాళ్ళెవరైనా ఉంటే ఆదివారం సాయంత్రం కోట వైపు రండి. పెద్దాయన ఊళ్ళో లేనప్పుడు ఐదు నక్షత్రాల రైడ్‌కి మాకు ఒక మనిషి తక్కువవుతున్నారు.