మూడేళ్లుగా ఇసబ్‌గోల్ తాగుతున్నా, నా అనుభవం ఇదీ

ముందే చెప్తున్నా, నీళ్లలో కలుపుకుని తాగే ఈ గింజల పొట్టుతో ఐబీఎస్ (పేగులు సరిగా పనిచేయక కడుపునొప్పి, ఉబ్బరం, మలబద్ధకమో విరేచనాలో మళ్లీ మళ్లీ వచ్చే సమస్య) పోదు. విరేచనం ఒక దారిలో పడుతుంది, అంతే. నొప్పి, ఉబ్బరం వేరే లెక్క.

నాకు ఒక వారం మలబద్ధకం, ఇంకో వారం పొద్దున్నే మూడు నాలుగుసార్లు పరుగు. అనంతపురం నుంచి కర్నూలు బస్సెక్కాలంటే ముందురోజు రాత్రే టెన్షన్. గుత్తిలో బస్సు ఎంతసేపు ఆగుతుందన్నా అని కండక్టర్‌ని అడగకుండా ఎప్పుడూ కూర్చోలేదు. రక్తం పడటం, బరువు తగ్గడం లాంటివేవీ లేవని పరీక్షల్లో తేలాకే డాక్టర్ ఈ పొట్టు వాడమన్నారు. (అవి ఉంటే దీంతో రోజులు నెట్టొద్దు.)

మొదట్లో తొందరగా తగ్గాలని ఒకేసారి రెండు పెద్ద చెంచాలు కలుపుకుని తాగేశా. కడుపు బిగుసుకుపోయి, రాత్రంతా గుడగుడ. డబ్బా తీసి అటక మీద పడేశా. మళ్లీ వెళ్తే డాక్టర్ నవ్వి, రోజుకు 3, 4 గ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచమన్నారు. అప్పుడు చిన్న చెంచాతో మొదలుపెట్టా, మూడు నాలుగు వారాలకు తేడా తెలిసింది.

కలిపిన వెంటనే తాగేయాలి. ఫోనొచ్చిందని పక్కన పెట్టి వచ్చేసరికి జున్నులా గడ్డకట్టి, స్టీలు గ్లాసు బోర్లించినా జారలేదు, మా అమ్మ చూసి ఇదేం జిగురురా, ఇది తాగుతావా అని ముఖం తిప్పుకుంది. పైన ఇంకో గ్లాసు నీళ్లు తప్పనిసరి, లేకపోతే గొంతులో అడ్డుపడొచ్చు, మలబద్ధకం కూడా పెరుగుతుంది. మే నెల ఎండల్లో నీళ్లు తగ్గించి ఒకసారి బాగా అనుభవించా. పీచే కదా అని గోధుమ తవుడు కూడా చూశా, గ్యాస్ ఎక్కువైంది తప్ప లాభం లేదు.

ఇక ఉబ్బరం సంగతి. ఆదివారం ఉగ్గాణి బజ్జీ తిన్నాక సాయంత్రానికి ప్యాంటు బొత్తాం విప్పాల్సిందే. చాలా రోజులు పాపం మిరపకాయ బజ్జీలో కారాన్నే తిట్టా. రెండు వారాలు తిన్నవన్నీ రాసి చూసుకుంటే అసలు దొంగ ఉల్లిగడ్డ, నాకైతే దాని తర్వాతే శనగపిండి. ఉల్లి, వెల్లుల్లిలో ఉండే ఫ్రక్టాన్లు చిన్నపేగులో అరగవు, పెద్దపేగులోకి పోయి పులిసి గ్యాస్ అవుతాయి. అవి నీళ్లలో కరుగుతాయి గానీ నూనెలో కరగవు, కాబట్టి ఇప్పుడు వెల్లుల్లిని నూనెలో వేయించి తీసేసి ఆ నూనెతోనే పోపు పెడుతున్నాం. వాసనకు లోటు లేదు. ఉల్లి లేని ఉగ్గాణి మాత్రం, నిజం చెప్పాలంటే, ఉగ్గాణి కాదు. బొరుగులకు ఏ లోటూ లేదు, నాకే ఏదోలా ఉంటుంది. రాగి సంగటి, పప్పు లేని ఆకుకూర మాత్రం హాయిగా పడుతున్నాయి.

పొద్దున థైరాయిడ్ మాత్ర ఉంది కాబట్టి నేను దీన్ని రాత్రికే పెట్టుకున్నా, ఇది మాత్రల్ని సరిగా ఒంటబట్టనివ్వదు, మధ్యలో గంటలు గడవాలి. వానాకాలంలో డబ్బా మూత గట్టిగా పెట్టండి, చెమ్మ తగిలితే ఉండలు కడుతుంది.