తేలికపాటి కార్బన్ ఫైబర్ సైకిల్‌కి (రోడ్ బైక్‌కి) అంత డబ్బు పెట్టొచ్చా?

చేత్తో ఎత్తి చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది, రెండు వేళ్లతో లేస్తుంది మరి. అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం (యూసీఐ) రేసుల్లో బైక్ కనీస బరువు 6.8 కిలోలు, ఖరీదైన కార్బన్ బైకులు చాలావరకు ఆ దరిదాపుల్లోనే ఉంటాయి. మామూలు మంచి బైక్ కంటే ఒకటిన్నర కిలో తక్కువనుకున్నా, మనిషితో కలిపి 80 కిలోల్లో అది 2 శాతం కూడా కాదు. ఘాట్ ఎక్కేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది, సీటు మీంచి లేచి తొక్కగానే బైక్ ముందుకు దూకడం నాకు చాలా నచ్చింది. చదును రోడ్డు మీద వేగంగా వెళ్తుంటే మాత్రం అడ్డుపడేది గాలే, బరువు కాదు. కొండలు ఎక్కేవాళ్లు, రేసులకెళ్లేవాళ్లు కొనండి. మిగతావాళ్లు మధ్యరకం బైక్ తీసుకుని మంచి టైర్లు వేయించి, ఒంటికి సరిపడేలా ఫిట్టింగ్ చేయించుకుంటే అంతకంటే సుఖం. ఇంకోటి, కార్బన్ భాగాల బోల్టులు ఎంత బలంగా బిగిస్తున్నామో చూపించే టార్క్ రెంచ్‌తోనే బిగించాలి, ఎక్కువ బిగిస్తే పగుళ్లొస్తాయి.