ముప్పై ఏళ్లుగా వింటున్న మూడు రాత్రులు: డీప్ పర్పుల్ ‘మేడ్ ఇన్ జపాన్’

ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ డీప్ పర్పుల్ 1972లో జపాన్ కచేరీల్లో వాయించింది వాయించినట్టు రికార్డు చేసిన లైవ్ ఆల్బమ్ ‘మేడ్ ఇన్ జపాన్’. నేను మొదట విన్నది పూర్తి ఆల్బమ్ కాదు. 1994లో వైజాగ్‌లో ఇంజనీరింగ్ చదివేటప్పుడు, పాటలు రికార్డు చేసి ఇచ్చే షాపులో అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్ ఇచ్చి చేయించుకున్నాను. ఆల్బమ్ నిడివేమో 76 నిమిషాలు. అందుకని ఏ సైడు చివర ‘ద మ్యూల్’ మొదలై, ఇయాన్ పేస్ డ్రమ్స్ సోలో ఊపందుకునేలోపే టేపు టక్కున ఆగిపోయేది. బీ సైడులో ఇరవై నిమిషాల ‘స్పేస్ ట్రకిన్’ సగానికి వచ్చేసరికి అదే పరిస్థితి. మా రూమ్మేట్‌ది రాజమండ్రి. చిన్నప్పుడు ఏడేళ్లు మృదంగం నేర్చుకున్నాడు. వాడికి ఆ డ్రమ్స్ దగ్గర కట్ అవడం ప్రాణం మీదికి వచ్చేది. “ఒరేయ్, అసలు వాయించేవాడు ఇప్పుడే కదరా మొదలెట్టాడు!” అని ప్రతిసారీ మంచం మీంచి లేచి కూర్చునేవాడు. అయినా ఆ క్యాసెట్‌ని నాలుగేళ్లు అరగదీశాం. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఇదే ఆల్బమ్‌ని సీడీలో, ఎల్పీలో, ఫోన్‌లో, అన్ని రూపాల్లోనూ విన్నాను. వీటిలో ఏది కొనాలని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర ఇప్పుడు గట్టి జవాబు ఉంది.

ముందు సంగతేమిటో చెప్పాలి. 1972 ఆగస్టు 15, 16 తేదీల్లో ఒసాకా ఫెస్టివల్ హాల్లో, 17న టోక్యో బుడోకాన్‌లో డీప్ పర్పుల్ మూడు కచేరీలు చేసింది. ఇక్కడ మనం స్వాతంత్ర్యానికి పాతికేళ్లు నిండిన పండగ చేసుకుంటున్న రోజే అక్కడ మొదటి టేపు తిరిగింది. ఆ విషయం తెలిసినప్పటి నుంచి ఆగస్టు 15 నాకు ఇంకాస్త ఇష్టమైపోయింది. లైవ్ రికార్డింగ్ కావాలని అడిగింది జపాన్‌లోని రికార్డు కంపెనీ. బ్యాండ్‌కి పెద్దగా ఇష్టం లేదు. తమ ఇంజనీర్ మార్టిన్ బర్చ్ చేతే రికార్డు చేయించాలని, బాగా వచ్చిందని తాము ఒప్పుకుంటేనే విడుదల చెయ్యాలని షరతు పెట్టారు. మొదట జపాన్ వరకే అనుకున్నది ఆ ఏడాది డిసెంబర్‌కల్లా ఇంగ్లండ్‌లో కూడా డబుల్ ఆల్బమ్‌గా వచ్చేసింది. వాడింది ఎనిమిది ట్రాకుల యంత్రం. తర్వాత స్టూడియోలో కూర్చుని తప్పులు దిద్దడం లాంటివేమీ లేవు. ఆ రాత్రి స్టేజీ మీద ఏం జరిగితే అదే వింటాం.

ఆ మాట నాకు నిజంగా అర్థమైంది 2001లో, హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగం జీతంతో 1998 నాటి రెండు సీడీల ఎడిషన్ కొన్నాక. ‘హైవే స్టార్’ మొదలయ్యే తీరు వినండి. జనం గోల, ఏదో సరిచేసుకుంటున్న చప్పుళ్లు, ఆ మధ్యలో స్నేర్ డ్రమ్ మీద పేస్ సన్నగా దరువు ఎత్తుకుంటాడు. దాని కింద జాన్ లార్డ్ ఆర్గన్ నెమ్మదిగా ఉబుకుతుంది. బేస్ కలుస్తుంది, గిటార్ కలుస్తుంది. పాలు పొంగే ముందు గిన్నె అంచుల్లో కనిపించే కదలిక లాంటిది ఆ అర నిమిషం. ఇంతకంటే గొప్పగా మొదలయ్యే రాక్ రికార్డు నేను వినలేదు.

ఇంకో విషయం, చాలామంది కొత్తవాళ్లు పొరబడేది. బండరాయిలా వచ్చి మీద పడే ఆ శబ్దంలో సగం గిటార్ కాదు, ఆర్గన్. జాన్ లార్డ్ తన హామండ్ ఆర్గన్‌ని గిటార్ వాళ్లు వాడే మార్షల్ ఆంప్లిఫయర్ల గుండా వాయించేవాడు. క్యాసెట్ రోజుల్లో నాకు ఆ తేడా తెలియలేదు. మంచి హెడ్‌ఫోన్ పెట్టుకున్న రోజు ఒక చెవిలో గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్, ఇంకో చెవిలో లార్డ్ విడివిడిగా దొరికారు. ఆ రోజు ఆల్బమ్ మొత్తం మళ్లీ మొదట్నుంచి నేర్చుకున్నట్టయింది.

నాకు అన్నిటికంటే ప్రాణం ‘స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ ఉమన్’. స్టూడియోలో నాలుగు నిమిషాల మామూలు పాట. ఇక్కడ పది నిమిషాలు. మధ్యలో మిగతావాళ్లు తగ్గిపోతారు, బ్లాక్‌మోర్ గిటార్ మీద ఒక చిన్న ముక్క వేస్తాడు, గాయకుడు ఇయాన్ గిలన్ దాన్ని గొంతుతో అలాగే తిరిగి అంటాడు. ఇంకో ముక్క, ఇంకొంచెం కష్టం. గిలన్ దాన్నీ అందుకుంటాడు. మన కచేరీల్లో గాయకుడు స్వరకల్పన వేస్తుంటే వయొలిన్ వెంటపడుతుంది చూడండి, ఇక్కడ అది తిరగబడింది: వాద్యం ముందు, గొంతు వెనక. చివరికి గిలన్ పైస్థాయిలో ఒక కేక అందుకుని పట్టుకుంటాడు. ఊపిరి అయిపోయింది అనుకున్న చోట దాటి ఇంకా సాగుతుంది. ముప్పై ఏళ్ల తర్వాత కూడా అక్కడికి వచ్చేసరికి నేను చేస్తున్న పని ఆపేస్తాను. బండి నడుపుతుంటే ముందే సౌండ్ తగ్గించేస్తాను, రోడ్డు మీద ధ్యాస ఉండదని.

‘చైల్డ్ ఇన్ టైమ్’ గురించి అందరూ చెప్తారు కాబట్టి క్లుప్తంగా: మెల్లగా, దాదాపు గుసగుసగా మొదలయ్యే ఆర్గన్, మాటల్లేని ఆలాపన, మెట్టు మెట్టుగా తారస్థాయికి ఎక్కే కేకలు, మధ్యలో వేగం పుంజుకుని పరిగెత్తే గిటార్. పన్నెండు నిమిషాలు. దీన్ని రాత్రి, లైటు ఆపి వినండి.

‘ద మ్యూల్’ పూర్తిగా విన్న రోజు నా రూమ్మేట్‌ని హైదరాబాద్ పిలిపించాను. సీడీ పెట్టాను. ఏడేళ్లుగా ఆగిపోయిన చోట ఈసారి ఆగలేదు. వాడు కుర్చీ చెయ్యి మీద వేళ్లతో లెక్క వేస్తూ కూర్చున్నాడు, ఒక్క మాట లేదు. పేస్ స్నేర్ మీద సన్నని దరువుని గాలిలో కలిసిపోయేంత తగ్గించి మళ్లీ పైకి తెచ్చే చోట వాడి వేళ్లు ఆగిపోయాయి. అయిపోయాక, “తని ఆవర్తనం వేశాడురా, ముక్తాయింపుతో సహా” అన్నాడు. మన కచేరీలో మృదంగం ఒంటరిగా మోగే ఘట్టం తని ఆవర్తనం, దాన్ని ముగించే లయ ముక్తాయింపు. అంతకంటే మంచి సమీక్ష నేను రాయలేను.

లోపాలు లేవని కాదు. ‘స్పేస్ ట్రకిన్’ అసలు పాట మొదటి ఐదు నిమిషాలే. మిగతాది ‘మాండ్రేక్ రూట్’ అనే పాత పాట నుంచి తెచ్చిన వాద్యాల భాగం. ఆ మధ్యలో బ్లాక్‌మోర్ సుదీర్ఘంగా ఒంటరిగా వెతుక్కుంటున్న చోట నా ఓపిక ఇప్పటికీ తగ్గుతుంది. రోజర్ గ్లోవర్ బేస్ కొన్ని చోట్ల కలిసిపోయి స్పష్టంగా వినిపించదు. టోక్యోలో తీసుకున్న ‘ద మ్యూల్’, ‘లేజీ’ వచ్చినప్పుడు హాలు మారిపోయిందని చెవికి తెలిసిపోతుంది. బుడోకాన్ 1964 ఒలింపిక్స్‌లో జూడో కోసం కట్టింది. అక్కడి ప్రతిధ్వని వేరు. టోక్యో రాత్రే తాము బాగా వాయించామని బ్యాండ్ అనుకున్నా, ఆల్బమ్‌లో ఎక్కువ భాగం ఒసాకా రెండో రాత్రిదే ఉండటానికి కారణం ఆ హాలే. ‘స్మోక్ ఆన్ ద వాటర్’ ఒక్కటీ మొదటి రాత్రిది. అందరికీ తెలిసిన ఆ గిటార్ రిఫ్ (పాటంతా మళ్లీ మళ్లీ వచ్చే చిన్న ముక్క) ఎత్తుగడ ఆ రాత్రే సరిగ్గా కుదిరిందట.

ఇక ఏది కొనాలి. నేను మొదట చేసిన పొరపాటు పాత ఎల్పీ. ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర కొన్నాను, ‘బాగుంది’ అని రాశాడు. వచ్చింది వంగిపోయిన రికార్డు. మూడో సైడు ప్రతి చుట్టుకీ శ్రుతి ఊగుతుంది. సెకండ్‌హ్యాండ్ ఎల్పీ కొంటే టర్న్‌టేబుల్ మీద తిరుగుతున్న వీడియో అడగండి. 1998 సీడీ మొదటిసారి వినేవాళ్లకి చాలు. రెండో డిస్క్‌లో చివర జనం అడిగితే వాయించిన పాటలు కూడా ఉన్నాయి. నా చెవికి మాత్రం దాని శబ్దం కొంచెం గట్టిగా నొక్కినట్టుంటుంది. గంట దాటితే అలసట వస్తుంది. 1993లో ‘లైవ్ ఇన్ జపాన్’ పేరుతో వచ్చిన మూడు సీడీల సెట్ దాదాపు మూడు రాత్రుల్నీ ఇస్తుంది. కానీ డిస్క్‌లో పట్టక వదిలేసిన వాటిలో మొదటి రాత్రి ‘స్మోక్ ఆన్ ద వాటర్’ కూడా ఉంది. అంటే అది కొన్నా అసలు ఆల్బమ్ కూడా కావాలి. మూడు రాత్రులూ పూర్తిగా ఉన్న 2014 ఎడిషన్ నా ఓటు.

ఎందుకంటే ఒక రాత్రి వింటే మంచి కచేరీ వింటాం. మూడూ పక్కపక్కన వింటే వీళ్లు పాటని కంఠస్థం చేసి వప్పజెప్పట్లేదని తెలుస్తుంది. అదే ‘లేజీ’, అదే ఎత్తుగడ, కానీ లార్డ్ నిన్న వెళ్లిన దారిలో ఇవాళ వెళ్లడు, బ్లాక్‌మోర్ ఎటు మలుపు తిరుగుతాడో పేస్ కళ్లు అతని మీదే పెట్టి కనిపెడుతున్నట్టు వాయిస్తాడు. పైగా కచేరీలో పాటల వరుస ఆల్బమ్‌లో ఉన్నట్టు లేదు. ‘స్మోక్ ఆన్ ద వాటర్’ రెండో పాటే, దాని తర్వాతే ‘చైల్డ్ ఇన్ టైమ్’. ఆ వరుసలో వింటే ఆ నెమ్మది ఆర్గన్‌కి ఎంత బలం వచ్చిందో!

ఇంత వాయించినవాళ్లు ఎక్కువ రోజులు కలిసి లేరు. గిలన్ 1973 జూన్ 29న ఇదే ఒసాకాలో చివరి కచేరీ చేసి వెళ్లిపోయాడు. తర్వాత మళ్లీ కలిశారు, మళ్లీ విడిపోయారు. 1995 ఏప్రిల్‌లో డీప్ పర్పుల్ బొంబాయి వచ్చింది. మాకు పరీక్షలు. వెళ్లలేకపోయాం. అప్పటికి బ్లాక్‌మోర్ లేడు, స్టీవ్ మోర్స్ వచ్చాడు. ఆ కచేరీ వీడియో ‘బాంబే కాలింగ్’ చూసినప్పుడల్లా మాత్రం ఆ జనంలో మేమిద్దరం లేమని ఇప్పటికీ బాధేస్తుంది. జాన్ లార్డ్ 2012లో పోయాడు. ఆ రోజు రూమ్మేట్ డాలస్ నుంచి ఫోన్ చేసి కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ప్రతి ఆగస్టులో మా ఇద్దరికీ ఒకటే వాదన, ఏ రాత్రి గొప్పదని. వాడిది టోక్యో, పేస్ కోసం. నాది 16వ తేదీ, ఆ కేక కోసం. పోయిన ఆగస్టులో ఫోన్లు స్పీకర్ మీద పెట్టి, ఇద్దరం ఒకేసారి ప్లే నొక్కి 15వ తేదీ కచేరీ మొదట్నుంచీ విన్నాం. ‘చైల్డ్ ఇన్ టైమ్’ సగంలో వాడు “ఆగరా, ఈ రాత్రి సంగతి మనం సరిగ్గా చూడలేదు” అన్నాడు. ఆపి, మళ్లీ ‘హైవే స్టార్’ దగ్గర్నుంచి పెట్టాం.