జిమ్నీకి లిఫ్ట్ కిట్: 22 వేల కిలోమీటర్ల తర్వాత కుదుపు లెక్క

మా మారుతి సుజుకి జిమ్నీకి లిఫ్ట్ కిట్, అంటే బండిని ఎత్తు లేపే స్ప్రింగులూ పొడవైన షాక్ అబ్జార్బర్లూ ఉన్న సెట్టు, వేయించిన రోజు సాయంత్రం షెడ్డు నుంచి ఇంటికి వస్తూ, మా వీధి మొదట్లో ఉన్న స్పీడ్ బ్రేకర్‌ను రోజూ దాటే వేగంతోనే దాటాను. ముందు చక్రాలు ఎక్కినప్పుడు నడుముకు తగిలేంత కుదుపు వచ్చింది. వెనక చక్రాలు దిగినప్పుడు సీటు కింద ఎవరో సుత్తితో కొట్టినట్టు ‘ఠక్’మని చప్పుడైంది. లక్ష రూపాయలు దాటిన ఖర్చుతో, రెండు రోజులు బండిని షెడ్డులో వదిలి నేను కొనుక్కున్నది ఇదా అనిపించింది. అప్పటినుంచి 22 వేల కిలోమీటర్లు తిరిగాను. ఆ కుదుపులో ఎత్తు పెరగడం వల్ల వచ్చిన పాలు చాలా తక్కువనీ, మిగిలినదంతా స్ప్రింగుల ఎంపికలోనూ, బోల్టులు బిగించిన తీరులోనూ, టైర్ల గాలిలోనూ ఉందనీ తేలడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. ఇదే పనికి సిద్ధపడుతున్నవారికి ఆ ఏడాది మిగులుతుందేమోనని కాస్త వివరంగా రాస్తున్నాను.

బండి ఐదు తలుపుల జిమ్నీ, మాన్యువల్ గేరుది. నేనుండేది రాజమహేంద్రవరంలో; నెలకోసారైనా మారేడుమిల్లి వైపు, వీలైతే గుడిస కొండ మీదికి వెళ్లడం అలవాటు. ఈ బండికి కంపెనీ ఇచ్చిన గ్రౌండ్ క్లియరెన్స్ 210 మిల్లీమీటర్లు, అది తక్కువేమీ కాదు. చిక్కంతా పొడవుతో వచ్చింది. మూడు తలుపుల జిమ్నీ కంటే దీనికి ముందు, వెనక చక్రాల మధ్య దూరం 340 మిల్లీమీటర్లు ఎక్కువ కావడంతో, గట్టు దాటేటప్పుడు బండి కడుపు తగలకుండా ఉండే కోణం 28 డిగ్రీల నుంచి 24కు పడిపోయింది. కొండదారిలో వాన నీరు కోసేసిన చోట్ల ముందు చక్రాలు గట్టు దాటి దిగుతుండగానే ఛాసిస్ మధ్యభాగం రాయికి రాసుకునేది. ఆ ఒక్క బాధ కోసమే లిఫ్ట్ కిట్ వైపు వెళ్లాను. ఒక విషయం ముందే తెలిసి ఉండటం మంచిది: కిట్ లేపేది ఛాసిస్‌నూ బాడీనీ మాత్రమే, ఇరుసు మీది డిఫరెన్షియల్ (చక్రాలకు శక్తిని పంచే గేర్ల డబ్బా) ఉన్న ఎత్తులోనే ఉంటుంది. దాన్ని లేపగలిగేది పెద్ద టైరు ఒక్కటే. 195/80 ఆర్15 టైర్లు తీసి 215/75 ఆర్15 వేయించుకుంటే నాకు అక్కడ పెరిగింది లెక్క ప్రకారం ఐదు మిల్లీమీటర్లు.

కుదుపు సంగతి చెబితే షెడ్డువారు ‘వెయ్యి కిలోమీటర్లు తిరిగితే సెట్టవుద్ది సార్’ అన్నారు. ఇది ఏ షెడ్డులోనైనా వినిపించే మాటే. అందులో సగం నిజం కూడా. కొత్త స్ప్రింగు మొదటి రోజుల్లో కొంత కూర్చుంటుంది. నేను చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు వరకు టేపుతో కొలిచి, నాలుగు మూలల అంకెలనూ కిట్‌కు ముందు, తర్వాత ఒక చిన్న పుస్తకంలో రాసి పెట్టుకున్నాను. రెండు వేల కిలోమీటర్లకు వెనక ఎత్తు ఎనిమిది మిల్లీమీటర్లు తగ్గింది గానీ కుదుపు ఏమాత్రం తగ్గలేదు. తగ్గదు కూడా. తీగ మందం, చుట్టు వెడల్పు, చుట్ల సంఖ్య మారనంతకాలం స్ప్రింగు గట్టిదనం మారదు. కూర్చోవడం వల్ల తగ్గేది ఎత్తు మాత్రమే. అసలు కారణం ఆ పుస్తకంలోనే ఉంది, నాకే చదవడం తెలియలేదు. 50 మిల్లీమీటర్లు అని అమ్మిన కిట్ వేసిన రోజున నా బండిని ముందు 62, వెనక 71 మిల్లీమీటర్లు లేపింది. చెప్పినదానికంటే ఎక్కువే వచ్చిందని అప్పుడు సంతోషించాను కూడా.

మొదట దొరికిన దొంగ టైర్ల గాలి. కిట్‌తో పాటే ఆల్ టెరైన్ టైర్లు వేసిన కుర్రాడు నాలుగింటికీ 36 పాయింట్లు కొట్టాడు. దాదాపు పన్నెండు వందల కిలోలుండే బండికి, పక్కగోడ మందంగా ఉన్న టైర్లకు అంత గాలి కొడితే ఘాట్ రోడ్డు మీది ప్రతి గులకరాయీ స్టీరింగులో తెలుస్తుంది. డోరు పక్కనున్న స్టిక్కరునూ టైరు తయారీదారు ఇచ్చిన బరువుల పట్టికనూ చూసుకుంటూ రెండేసి పాయింట్లు తగ్గించి 27 దగ్గర ఆగాను. చిన్న గతుకుల మీది అదురు వెంటనే పోయింది, స్పీడ్ బ్రేకర్ దెబ్బ మాత్రం అలాగే ఉంది. అంటే పళ్లు కదిలించే చిన్న అదురు టైరుదని, నడుమును పైకెత్తే కుదుపు స్ప్రింగుల దగ్గరిదని అక్కడే తేలిపోయింది.

నాలుగు వేల కిలోమీటర్ల దగ్గర వెనక నుంచి కిర్రుమనే చప్పుడు మొదలైతే, లారీ షెడ్ల దగ్గర పాత జీపులు చేసే ఒక పెద్ద మేస్త్రీ గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బండి కింద బ్యాటరీ లైటు వేసి చూసి, ‘బాబూ, ఈ బోల్టులు చక్రాలు వేలాడుతుండగా బిగించారా, నేల మీద నిలబెట్టి బిగించారా?’ అని అడిగారు. లిఫ్ట్ మీద వేలాడదీసే బిగించారని చెప్పాను, ఎందుకంటే నేను అక్కడే ఉన్నాను. ఆయన నవ్వి, నన్ను కూడా పిట్‌లోకి దిగమన్నారు. ఇరుసును ఛాసిస్‌కు పట్టి ఉంచే ఆర్మ్‌ల చివర రబ్బరు బుష్‌లుంటాయి. బోల్టు బిగించాక బుష్ మధ్యలోని ఇనుప గొట్టం తిరగదు, దాన్ని అంటిపెట్టుకున్న రబ్బరే అటూ ఇటూ మెలితిరుగుతుంది. చక్రాలు పూర్తిగా కిందికి వేలాడుతుండగా బిగిస్తే, బండి నేల మీద నిలబడేసరికే ఆ రబ్బరు ఒకవైపు మెలితిరిగి ఉంటుంది. ఇక ప్రతి గతుకులోనూ అది ఇంకో స్ప్రింగులా ఎదురుతంతుంది, త్వరగా చిరుగుతుంది. బండి చక్రాల మీదే నిలబడి ఉండగా మేస్త్రీ గారు మొదటి బోల్టును పానాతో అర చుట్టు వదులు చేశారు. గొట్టం ‘టప్’మని తనంత తానే తిరిగింది, రబ్బరు మీది ముడతలు నా కళ్ల ముందే విప్పుకున్నాయి. ముందు, వెనక ఆర్మ్‌లవీ, ఇరుసు పక్కకు జరగకుండా పట్టే ల్యాటరల్ రాడ్‌లవీ అన్నీ అలాగే వదిలి మళ్లీ బిగించారు. రెండు బుష్‌లకు అప్పటికే గీతలు పడ్డాయి. చప్పుడు ఆ రోజే పోయింది, వెనక ఎత్తు మరో నాలుగు మిల్లీమీటర్లు దిగింది, కుదుపులో పావు వంతు తగ్గిందని నా అంచనా. ఇంత పనికి ఆయన తీసుకున్నది ఏడు వందలు.

మిగిలిన ముప్పావు వంతు స్ప్రింగులది. దాని జాడ నిజానికి ముందే కనిపించింది. నలుగురం సామానుతో అన్నవరం వెళ్లిన రోజు బండి ఏ ఇబ్బందీ లేకుండా హాయిగా నడిచింది. ఆ మర్నాడే అమ్మను ఒక్కదాన్నే వెనక కూర్చోబెట్టుకుని మార్కెట్టుకు వెళ్తే, రెండో స్పీడ్ బ్రేకర్ దగ్గర ‘ఒరేయ్, మీ తాతగారి ఎడ్లబండే నయంరా, అది ఎత్తేసినా మెల్లిగా దింపేది’ అంది. ఖాళీ బండి గట్టిగా, నిండు బండి మెత్తగా ఉందంటే స్ప్రింగు ఇంకేదో బరువు కోసం చేసినదని అర్థం. కిట్ పుస్తకం వెతికి, స్ప్రింగుల మీది నంబరుతో పోల్చి చూశాను. అదే కిట్‌ను మోసే బరువును బట్టి వేర్వేరు స్ప్రింగులతో అమ్ముతారు. నాకు వేసినవి ముందు ఇనుప బంపరూ వించీ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం) ఉన్న బండికి, వెనక ఎప్పుడూ వంద కిలోలకు పైగా సామాను మోసే బండికి ఉద్దేశించినవి. నా బండికి ఉన్నది కంపెనీ ప్లాస్టిక్ బంపరు; వెనక ఉండేది ఒక తాడు, గాలి పంపు, అమ్మ కూరగాయల సంచి.

ఠక్‌మనే చప్పుడు గుట్టూ అదే. తగినంత బరువు పడని స్ప్రింగు చెప్పిన ఎత్తు కంటే పైన నిలబడుతుంది, నా పుస్తకంలోని 71 అదే. కిట్‌తో వచ్చిన షాక్ అబ్జార్బర్లు పొడవైనవే అయినా అవి 50 మిల్లీమీటర్ల ఎత్తును లెక్కలో పెట్టుకుని చేసినవి కాబట్టి, బండి నిలబడినప్పుడే చాలావరకు సాగి ఉండేవి. చక్రం స్పీడ్ బ్రేకర్ దిగి కిందికి జారేటప్పుడు సాగడానికి ఇంకేమీ మిగలక లోపలి చివరకు కొట్టుకునేవి. షెడ్డువారు మొదట ఒప్పుకోలేదు. నంబర్లు చూపించాక, పాతవి వెనక్కి తీసుకుని తేడా డబ్బుతో అదనపు బరువు లేని బండికి సరిపడే స్ప్రింగులు ఇచ్చారు. తొమ్మిది వేల కిలోమీటర్ల దగ్గర మార్చాను, ఈసారి బోల్టులు నేల మీదే బిగించమని పక్కన నిలబడి చేయించాను. ఎత్తు ముందు 45, వెనక 48 దగ్గర ఆగింది. ఇదివరకు వెనక బంపరు మీద నేను నిలబడితే బండి 12 మిల్లీమీటర్లు దిగేది, ఇప్పుడు 19 దిగుతోంది. చప్పుడు మళ్లీ వినలేదు.

ఎత్తు వల్ల నిజంగా వచ్చిన తిప్పలు వేరే ఉన్నాయి. ముందు ఇరుసు కొద్దిగా తిరిగిపోయి క్యాస్టర్ కోణం (స్టీరింగు తనంత తానే నేరుగా నిలిచేలా చేసే వాలు) తగ్గడంతో, 16వ నంబరు జాతీయ రహదారి మీద 90 దాటితే స్టీరింగు తేలిపోయినట్టుండేది. రంధ్రం పక్కకు ఉండే ప్రత్యేక బుష్‌లు ముందు ఆర్మ్‌లకు వేయించాక సర్దుకుంది. ల్యాటరల్ రాడ్ లాగడం వల్ల ఇరుసు ఒక పక్కకు జరిగింది, పొడవు సర్దుకునే రాడ్ వేయించాను. హెడ్‌లైట్లను కిందికి దించడం మరచిపోతే ఎదురొచ్చేవారు తిట్టుకుంటారు, న్యాయమే.

షాక్ అబ్జార్బర్ల మీద నాకు ఫిర్యాదు లేదు. గుడిస దారిలో వరస గతుకుల మీద కంపెనీవి వేడెక్కి ఊగడం మొదలుపెట్టేవి. ఇవి గంటసేపు అదే పట్టుతో ఉంటాయి. 40 నుంచి 80 మధ్య వేగంలో, గుంటలు పడ్డ తారు రోడ్డు మీద బండి ఇప్పుడు కొత్తలో కంటే నిబ్బరంగా నడుస్తుంది. కడుపు రాయికి తగలడం పూర్తిగా పోలేదు గానీ, పదిసార్లు తగిలేచోట రెండుసార్లు తగులుతోంది. 20 కంటే తక్కువ వేగంలో, ఖాళీ బండితో మాత్రం కొంత బిగువు మిగిలే ఉంది. అది షాక్‌ల స్వభావం, బిగువు సర్దుకునే మరలేవీ వీటికి లేవు.

చట్టం సంగతి కూడా చూసుకోవాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. వేయించే ముందే రవాణా శాఖ కార్యాలయంలోనూ బీమా వారి దగ్గరా అడిగి తెలుసుకోవడం మేలు, నేను ఆ పని తర్వాత చేశాను.

కంపెనీ స్ప్రింగులూ షాక్‌లూ అటక మీద గోనెసంచిలో ఉన్నాయి. అమ్మ ఇప్పుడు ముందు సీట్లో కూర్చుంటోంది, వెనక సీటు ఇరుసుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి అక్కడికి ఇంకా ఎక్కనంటోంది. వచ్చే నెల గీతలు పడ్డ ఆ రెండు బుష్‌లు మార్పించాలి. మేస్త్రీ గారు పిట్ ఖాళీ ఉన్న రోజు చూసి రమ్మన్నారు.